ముఖపరిచయమే తప్ప పేరు తెలియనివాళ్ళు: మహానగరంలో మీకు ఎదురైన సరదా సంగతులు

కిటికీ సీటు:

పెద్ద నగరంలో ఉద్యోగం చేసుకుంటూ బతికే మనందరికీ ఒక విచిత్రమైన పరిచయస్తుల వర్గం ఉంటుంది. వాళ్ళ పేర్లు తెలియవు, ఉండే చోటు తెలియదు, చాలామంది గొంతు కూడా విని ఉండము. కాని ఎవరు ఏ భుజానికి సంచి తగిలించుకుంటారో, ఎవరు సోమవారంనాడు ఆలస్యంగా వస్తారో మాత్రం అడిగితే చెప్పగలము.

నేను ఉదయం బస్సెక్కే స్టాపులో ఒక పెద్దమనిషి నిలబడతారు. వాన ఉన్నా లేకున్నా ఆయన చంకలో నిలువెత్తు నల్ల గొడుగు ఉంటుంది. ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబడ్డాము గాని ఒక్కనాడూ పలకరించుకోలేదు. ఈ మధ్య ఏదో పని పడి నగరానికి అవతలి కొసన ఉన్న ఒక కార్యాలయానికి వెళ్ళినప్పుడు, అక్కడి వరుసలో సరిగ్గా నా ముందు అదే గొడుగు కనిపించింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, "అరె, మీరా! ఇక్కడ ఎలా?" అన్నారు. తప్పిపోయిన అన్నగారు దొరికినంత సంబరంగా నేనూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. వరుస కదిలేలోగా ఆయన మోకాలి నొప్పి గురించీ, మా అమ్మాయి చదువు గురించీ, మన బస్సు డ్రైవర్ల స్వభావాల గురించీ తనివితీరా మాట్లాడుకున్నాము. ఆయన సంతకం పెట్టేటప్పుడు గొడుగు నేనే పట్టుకున్నాను.

మర్నాడు ఉదయం స్టాపులో ఆయన అటు చూశారు, నేను ఇటు చూశాను. ఈ రోజు పలకరిస్తే ఇక రోజూ పలకరించాలి కదా అన్న భయం ఇద్దరి ముఖాల్లోనూ స్పష్టంగా కనిపించింది.

ఇలా పేరు తెలియనివాళ్ళతో, సగం తెలిసినవాళ్ళతో రోజువారీ రాకపోకల్లో మీకు ఎదురైన సంగతులు రాయవలసిందిగా కోరుతున్నాను. ఎవరినీ చిన్నబుచ్చే కథలు, సంస్థల పేర్లు వద్దు.

పాత పుస్తకం:

కిటికీ సీటు గారూ, మీ గొడుగు పెద్దమనిషి ప్రవర్తనలో వింత ఏమీ లేదు. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1972లో సరిగ్గా ఇలాంటివారి గురించే రాశారు. ఆయన విద్యార్థులు ఉదయం పూట ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడినవారిని ఫొటోలు తీసి, ఫొటోలోని ఒక్కొక్కరికీ ఒక అంకె వేసి, తరువాత మరో రోజు అదే వేళకు వెళ్ళి అక్కడివారికే పంచిపెట్టారు. వీళ్ళలో ఎవరెవరిని గుర్తుపడతారు, ఎవరితో మాట్లాడి ఉన్నారు అని అడిగితే, పదిమందిలో సుమారు తొమ్మిదిమంది కనీసం ఒక్క ముఖాన్నయినా గుర్తుపట్టారు. సగటున ఒక్కొక్కరికీ మాట కలపని ముఖాలు నాలుగు, మాట కలిపిన ముఖాలు ఒకటిన్నర తేలాయి. ఆ అర మనిషి ఎవరో గాని, బహుశా ఏమి అడిగినా "ఊఁ" అని ఊరుకునే రకమై ఉంటారు.

రోజూ కలిసే చోటికి ఎంత దూరంలో ఎదురుపడితే ఇలాంటివారి మధ్య మాట అంత సులువుగా పుడుతుందని కూడా ఆయన గమనించారు. రోజూ కలిసే చోట మాత్రం, ఇన్నాళ్ళ మౌనాన్ని ఇప్పుడెందుకు తెంచాలన్న సంకోచం ఏటికేడు పెరుగుతూ పోతుంది. అందుచేత మీరిద్దరూ ఆ స్టాపులో ఇక జన్మలో మాట్లాడుకోరని నా అంచనా.

ఏడో అంతస్తు:

మా కార్యాలయం ఉన్న భవనంలో లిఫ్టుకు ఎదురెదురుగా రెండు తలుపులు ఉన్నాయి. కింది నుంచి నాలుగో అంతస్తు వరకు తెరుచుకునేది ఎక్కిన వైపు తలుపే. ఐదు నుంచి పైకి తెరుచుకునేది దానికి ఎదురుగా, చూడటానికి ఉక్కు గోడలాగే కనిపించే రెండో తలుపు. ఈ సంగతి చెప్పే బోర్డు ఎక్కడా లేదు. రోజూ వచ్చేవాళ్ళం ఎక్కగానే నేరుగా లోపలికి వెళ్ళి ఆ ఉక్కు తలుపుకు ముఖం పెట్టి నిలబడతాము. కొత్తగా వచ్చినవారు మాత్రం లోకమంతటా ఉన్న అలవాటు ప్రకారం ఎక్కిన తలుపు వైపు తిరుగుతారు. తిరిగి చూసేసరికి లిఫ్టులోని జనమంతా గోడకు ఎదురుగా, ఏదో ప్రార్థనలో ఉన్నట్టు మౌనంగా నిలబడి ఉంటారు.

ఉక్కు తలుపు నునుపుగా ఉండటం వల్ల వెనక జరిగేదంతా అందులో మాకు కనిపిస్తూ ఉంటుంది. కొత్తవారి ముఖంలో మొదట అనుమానం, తరువాత కొంచెం కంగారు, రెండో అంతస్తు దాటాక లొంగుబాటు కనిపిస్తాయి. ఎవరూ చూడటం లేదనుకుని పాదాలు మెల్లగా జరుపుతూ మావైపు తిరుగుతారు. కారణం మాత్రం ఎవ్వరూ అడగరు.

మొన్న ఇంటర్వ్యూకు వచ్చినట్టున్న ఒక కుర్రవాడు, చేతిలో ఫైలు, మెడలో కొత్త టై, ఈ దశలన్నీ దాటుకుని సరిగ్గా గోడవైపు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడో లేదో, లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగి అతని వీపు వెనక తలుపు తెరుచుకుంది. దిగేవారు అతన్ని తోసుకుంటూ దిగారు. తలుపు మూసుకున్నాక అతను కాసేపు ఆలోచించి, ఎటూ కాకుండా పక్కగోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంత సమతూకమైన నిర్ణయం తీసుకోగలవాడికి ఆ ఉద్యోగం వచ్చే ఉంటుందని నా నమ్మకం.

పాత పుస్తకం:

ఏడో అంతస్తు గారూ, మీ లిఫ్టులో రోజూ జరిగేది 1962లో అమెరికా టెలివిజన్‌లో ఒక రహస్య కెమెరా కార్యక్రమంగా వచ్చింది. లిఫ్టులో ఉన్నవాళ్ళంతా ముందే కూడబలుక్కుని వెనక్కి తిరిగితే, ఏమీ తెలియని ఒక్క మనిషి కూడా వాళ్ళతోపాటు తిరగడం, టోపీ తీస్తే టోపీ తీయడం చూపించారు. మీ భవనం యజమాని ఖర్చు లేకుండా అదే ప్రయోగం నడిపిస్తున్నారన్నమాట.

చివరి మెట్టు:

అసలు లిఫ్టుల్లో తలుపు మూసే మీట పనిచేస్తుందా? నేను ఎన్ని మార్లు నొక్కినా ఏమీ తేడా కనిపించదు.

నిర్వాహకులు:

ఆ మీట సంగతి మీద ఇప్పటికే వేరొక చర్చ చాలా పొడవుగా, కొంచెం కోపంగా సాగుతోంది. దయచేసి దాన్ని అక్కడే ఉండనివ్వండి.

నిదానస్తుడు:

మా మేనమామగారు కిందటి ఏడు కొన్నాళ్ళు మా ఇంట ఉండి వెళ్ళారు. నగరంలో జనం నడిచే వేగం చూసి, "వీళ్ళను ఎవరు తరుముతున్నారురా?" అని రోజూ అడిగేవారు. ఆయన ప్రశ్నలో సత్యం లేకపోలేదు. బోర్న్‌స్టీన్ దంపతులు ఆరు దేశాల్లోని 15 ఊళ్ళలో పాదచారుల వేగం కొలిచి, జనాభా ఎంత ఎక్కువైతే నడక అంత వేగంగా ఉంటుందని 1976లో ప్రకటించారు. మా మామయ్య ఈ లెక్కలేవీ తెలియకుండానే నగరం నడిబొడ్డున నడకను పూర్తిగా ఆపించిన ఘనుడు.

సంగతి ఏమిటంటే, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, నేను ఒక చిన్న పని చూసుకుని వచ్చేలోగా ఆయన కాలిబాట మీద నిలబడి, ఎదుటి భవనానికి ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి, ఎంతో దీక్షగా చూస్తున్నారట. దారిన పోయే ఒకాయన ఆగి తనూ పైకి చూశాడు. ఆయన వెనక ఇద్దరు ఆగారు. నేను తిరిగి వచ్చేసరికి అక్కడ చిన్న సభే జరుగుతోంది. కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఎదుటి భవనం కాపలాదారు బయటికి పరుగెత్తుకొచ్చి, జనంలో నిలబడి, తన భవనాన్నే తను పైకి చూస్తున్నాడు. "ఏమైందండీ?" అని ఒకావిడ ఆందోళనగా అడిగితే, మా మామయ్య తల దించకుండానే, "పదిహేడా, పద్దెనిమిదా తేలడం లేదమ్మా" అన్నారు.

మామూలుగా అయితే నవ్వుకుని వెళ్ళిపోవాలి. అలా జరగలేదు. అప్పటికే ఆగిపోయారు కాబట్టి ఆ ఆగినందుకు ఏదో ఒక ఫలితం ఉండాలనుకున్నారో ఏమో, నలుగురైదుగురు తామూ లెక్కపెట్టారు. కింద ఉన్న వాహనాలు నిలిపే భాగం అంతస్తు కింద లెక్కా కాదా అన్న దగ్గర అభిప్రాయభేదం వచ్చి, జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. కాపలాదారును అడిగితే, తను ఎప్పుడూ కిందనే ఉంటాను గనుక తెలియదన్నాడు.

పాత పుస్తకం:

ఇదీ మిల్‌గ్రామ్ ఖాతాలోనే పడుతుంది. ఆయనా మరో ఇద్దరూ కలిసి 1969లో ప్రచురించిన ప్రయోగంలో, న్యూయార్క్ వీధిలో తమ మనుషులను నిలబెట్టి ఆరో అంతస్తు కిటికీ వైపు చూడమన్నారు. ఒక్కరు చూస్తే దారిన పోయేవారిలో నూటికి నలుగురు ఆగారు. పదిహేనుమంది చూస్తే నూటికి నలభైమంది ఆగారు. ఆగకుండా నడుస్తూనే తలెత్తి చూసినవారు ఇంకా చాలామంది ఉన్నారు. మీ మామయ్యగారు ఒక్కరే అంత సభ చేశారంటే, ఆ తల వాల్చడంలో ఏదో విద్వత్తు ఉండి ఉండాలి.

అద్దె ఇల్లు:

నా అనుభవాలన్నీ గోడల గుండా వచ్చేవే. మా పై ఇంటాయన ప్రతి రాత్రీ ఒక పాట మొదలుపెట్టి, పల్లవి అయ్యాక చరణంలో సరిగ్గా మూడో పాదం దగ్గర ఆపేస్తారు. ఎందుకు ఆపుతారో తెలియదు. ఆ మిగిలిన పాదం నా నెత్తిన పడి రాత్రంతా తిరుగుతూ ఉంటుంది. ఒక రోజు లిఫ్టులో నేనూ, ఇంకొకాయనా ఉన్నాము. ఆయన తలుపు వైపు చూస్తూ ఆ పాటే చిన్నగా కూనిరాగం తీసి, మూడో పాదం దగ్గర ఆగిపోయారు. నా ప్రమేయం లేకుండానే నా నోటి వెంట మిగతా పాదం, దాని వెనక పల్లవి కూడా వచ్చేశాయి. ఆయన నన్ను నిదానంగా చూసి, "ఓహో, కింది ఇంటివారా?" అన్నారు. ఆ రాత్రి నుంచి ఆయన మూడో పాదం దగ్గర ఆగి, కాసేపు ఎదురు చూస్తున్నట్టు అనిపిస్తోంది. నేను ఇంతవరకు తొందరపడలేదు.

ఇంకొక సంగతి. మా భవనంలో ఎవరో వేళాపాళా లేకుండా గోడలకు రంధ్రాలు చేస్తుంటారు. ఎవరని అడగాలో తెలియక, మా అంతస్తులోని ఒకరు తమ వైఫైకి "గోల ఆపండి" అని పేరు పెట్టారు. రెండు రోజులకు ఫోనులో వెతికితే ఆ పేరు కింద "మేం కాదు" అన్న వైఫై కనిపించింది. వారం తిరగకుండా "మరెవరు" అని మూడోది వచ్చింది. ఇంతమంది ఒకే కప్పు కింద ఉండి ఇలా మాట్లాడుకోవడం నాకు ఎంతో నచ్చింది.

రాత్రి షిఫ్టు:

అద్దె ఇల్లు గారూ, మీ పొరుగువారు అంత కరుకుగా రాయడానికి సాంకేతిక కారణం ఉంది. వైఫై పేరుకు 32 బైట్లకు మించి చోటు ఉండదు. ఇంగ్లీషు అక్షరం ఒక్కో బైటుతో సరిపెట్టుకుంటుంది గాని, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్‌-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, దాని గుడికి మూడు, కొమ్ముకు మూడు, పొల్లుకు మూడు పడతాయి. "గోల ఆపండి" అంటే మధ్యలో ఖాళీతో సహా 25 బైట్లు, కాబట్టి పట్టింది. "చప్పుడు ఆపండి" అని కొంచెం మెత్తగా రాద్దామంటే 37 అవుతాయి, పట్టదు. "దయచేసి" అన్న ఒక్క మాటకే 18 పోతాయి. అందుచేత తెలుగులో వైఫై ద్వారా గొడవ పడవచ్చు గాని మర్యాదగా మనవి చేసుకోవడం కుదరదు.

అద్దె ఇల్లు:

ఇన్నాళ్ళూ వాళ్ళను అపార్థం చేసుకున్నవాళ్ళందరి తరఫునా మీకు కృతజ్ఞతలు.

ఒంటరి బాటసారి:

అందరూ నవ్వుతున్నారు గాని, ఇందులో నవ్వవలసింది నాకు అంతగా కనిపించడం లేదు. ఏళ్ళ తరబడి పక్కన నిలబడిన మనిషిని పలకరించకపోవడం, పొరుగువారికి వైఫై పేరుతో కబురు పంపడం సరదా సంగతులు కావు, లోపాలు. జార్జ్ సిమ్మెల్ అనే జర్మన్ సామాజికవేత్త 1903లోనే ఈ సంగతి చెప్పారు. నగరంలో ప్రతి క్షణమూ మీదపడే దృశ్యాలకు, శబ్దాలకు, ముఖాలకు స్పందిస్తూ పోతే మనిషి నిలవలేడు గనుక, ఒక ఉదాసీనతను తెర లాగా దించుకుంటాడని ఆయన వివరించారు. మీరంతా ఆ తెరకు పడిన చిరుగులు చూసి నవ్వుతున్నారు.

కిటికీ సీటు:

మీ మాటను కాదనను. కాని సిమ్మెల్ ఆ ఉదాసీనతను కేవలం లోపంగా చూడలేదు. చిన్న ఊళ్ళో దొరకని స్వేచ్ఛ నగరంలో మనిషికి దొరికేది దానివల్లనే అని కూడా ఆయనే అన్నారు. ఇక చిరుగుల సంగతి అంటారా, తెర ఉందని తెలిసేది చిరిగినప్పుడే కదా. నాకు గొడుగు పెద్దమనిషిని చూసి జాలి కలగలేదు. మా ఇద్దరికీ మధ్య ఒక ఒప్పందం ఉందని, దాన్ని ఇద్దరమూ సమానమైన శ్రద్ధతో పాటిస్తున్నామని అనిపించింది.

నిదానస్తుడు:

మాట్లాడితే ఎలా ఉంటుందో కొలిచినవారూ ఉన్నారు. షికాగో పరిశోధకులు ఎప్లీ, ష్రోడర్ 2014లో ప్రచురించిన పనిలో, రైల్లో వెళ్ళేవారిలో కొందరిని పక్కవారితో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. మాట కలిపినవారి ప్రయాణమే హాయిగా గడిచింది. విచిత్రమేమిటంటే, ఇలా చేస్తే ఎలా ఉంటుందని ముందుగా ఊహించమన్నప్పుడు జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చెప్పారు.

ఒంటరి బాటసారి:

ఆ పరిశోధన నేనూ చదివాను. హాయిగా గడిచింది మాట కలిపినవారికి. ఆ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్న నాలాంటివారిని కూడా అడగాలి.

లెక్కల మాస్టారు:

బస్సు స్టాపుల విషయంలో నా పరిశీలన ఒకటి చెబుతాను. బస్సు వేళకు వస్తే స్టాపులో ఎవరూ నోరు విప్పరు. కొంచెం ఆలస్యమైతే గడియారాలు చూసుకుంటారు. బాగా ఆలస్యమైతే ఎవరో ఒకరు, ఎవరితోనూ కాకుండా, గాలిలోకి "ఏమైందో మరి" అంటారు. అంతే, ఆ మాటతో స్టాపు మొత్తం ఒక్క కుటుంబమైపోతుంది. రవాణా శాఖ పనితీరు, ఎండలు, పిల్లల పరీక్షలు, ఒకాయన చేయించుకున్న కంటి శస్త్రచికిత్స అన్నీ చర్చకు వస్తాయి. దూరాన బస్సు కనిపించగానే కుటుంబం విడిపోయి, ఇంతసేపూ కంటి సంగతి శ్రద్ధగా విన్న పెద్దమనిషే కంటి ఆయనను మోచేత్తో నెట్టి ముందు ఎక్కుతాడు.

ఆ తరువాత వెనకనే ఇంకొక బస్సు ఖాళీగా రావడం మీరూ చూసే ఉంటారు. అది డ్రైవర్ల కుట్ర కాదు. ఒక బస్సు కొంచెం ఆలస్యమైతే దాని కోసం స్టాపులో ఎక్కువమంది పోగవుతారు. వాళ్ళందరూ ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం మిగలరు గనుక అది చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఈ సంగతి నేను స్టాపులో వివరించబోతే, అందరూ నన్ను రవాణా శాఖ మనిషి అనుకుని తలా ఒక ఫిర్యాదు చెప్పారు. ఒకావిడ రాసి కూడా ఇచ్చారు.

ఎర్ర దీపం:

నాకు మాట కలిపేవారి కొరత ఎప్పుడూ లేదు. ఒకసారి నేనెక్కిన టాక్సీ డ్రైవరు, తనకూ తన బావమరిదికీ మధ్య గజంన్నర స్థలం మీద నడుస్తున్న కేసు గురించి చెప్పడం మొదలుపెట్టారు. సర్వే కొలతలు, సాక్షులు, మారిన న్యాయవాదులు, అంతా పూసగుచ్చినట్టు చెప్పి, తీర్పు రోజు దగ్గరికి వచ్చేసరికి నేను దిగవలసిన చోటు వచ్చేసింది. దిగక తప్పలేదు. ఆ తీర్పు ఏమై ఉంటుందా అని ఆ వారమంతా ఆలోచించాను.

చాలా నెలలకు, ఇంత నగరంలో, నేను పిలిచిన టాక్సీగా ఆయనే వచ్చారు. అద్దంలో నన్ను చూసి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "ఆ, ఎక్కడిదాకా చెప్పాను?" అన్నారు. తీర్పు ఆయన పక్షానే వచ్చిందట. నేను అభినందించబోతే ఆయన పెద్దగా నిట్టూర్చారు. ఇన్నేళ్ళూ ప్రతి వాయిదాకూ ఆయనా బావమరిదీ పెట్రోలు ఖర్చు కలిసివస్తుందని ఒకే బండి మీద కోర్టుకు వెళ్ళేవారట. ఇప్పుడు ఆ తోడు పోయింది. "పై కోర్టుకు వెళ్ళమని నేనే చెబుతున్నానండీ, వాడే వినడం లేదు" అన్నారు.

లెక్కల మాస్టారు:

ఎర్ర దీపం గారూ, మీ డ్రైవరు మళ్ళీ తారసపడటం అద్భుతమే గాని, నగరానికి అది మామూలు విషయం. ఒక మనిషికి ఒక రోజులో పది లక్షల్లో ఒక వంతు మాత్రమే జరిగే అవకాశం ఉన్న సంఘటన, కోటిమంది ఉన్న నగరంలో రోజుకు సగటున పదిమందికి జరుగుతుంది. అంటే ఈ రోజు సాయంత్రం ఎవరో పదిమంది ఇంటికి వెళ్ళి "నమ్మవు గాని" అని మొదలుపెట్టబోతున్నారు. తారసపడనివారి సంగతి ఎవరూ రాయరు గనుక మనకు తెలియదు.

ఒక్క లెక్క మాత్రం నాకు ఎప్పటికీ నచ్చుతుంది. 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరికో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైన. మా కార్యాలయంలో ఇది చెప్పి పందెం వేద్దామంటే, గదిలో కవల సోదరులు ఉన్నారని తేలి, నా గెలుపు చెల్లదన్నారు.

చివరి మెట్టు:

పేర్ల సంగతి కూడా లెక్కవేయండి మాస్టారూ. మా సంస్థలో నా పేరు, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిన మరొకాయన ఉన్నారు. ఆయన వేరే భవనంలో పనిచేస్తారు, ఎన్నడూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే నాకు పదవీ విరమణ శుభాకాంక్షలు వరదలా వచ్చాయి. ముప్పై ఏళ్ళ నా సేవలను, ముఖ్యంగా పాత గిడ్డంగి అగ్నిప్రమాదంలో నేను చూపిన ధైర్యాన్ని కొనియాడుతూ ఒకావిడ రాసిన ఉత్తరం చదివి నాకే కళ్ళు చెమర్చాయి. అన్నీ ఆయనకు పంపించాను. ఆయన జవాబుగా, నా పేరున తనకు కొన్నాళ్ళుగా వస్తున్న కాగితాలన్నీ పంపించారు. అందులో నేను ఎన్నడూ అందలేదనుకుంటున్న సెలవు మంజూరు పత్రం, ఆరోగ్య పరీక్షకు రమ్మన్న పిలుపు, నా పనితీరు బాగుందన్న లేఖ ఉన్నాయి. ఆ చివరిది ఆయన తనకే అనుకుని బదులు కూడా ఇచ్చారట.

ఏడో అంతస్తు:

దూరంలో నడిచివస్తున్నవారి కోసం తలుపు తెరిచి పట్టుకునేవారి గురించి ఎవరూ రాయలేదేమి? మా భవనంలో ఒకాయన ఎంత దూరంలో ఉన్నవారినైనా చూసి, తలుపు పట్టుకుని చిరునవ్వుతో నిలబడిపోతారు. ఆయన్ను చూడగానే మనం పరుగు అందుకోవాలి, చేరాక రొప్పుతూ ధన్యవాదాలు చెప్పాలి. 2011లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇదే విషయాన్ని పరిశీలించి, తమ కోసం ఎవరైనా తలుపు పట్టుకున్నప్పుడు జనం నడక వేగం పెంచుతారని తేల్చారు. ఉపకారం చేసిన మనిషికి శ్రమ తగ్గించాలని చూస్తామట. మా భవనంలో కొందరు ఆ చిరునవ్వు కనిపించగానే ఫోను వచ్చినట్టు నటిస్తూ పక్కకు తిరిగిపోతారు.

నిదానస్తుడు:

సీటు అడగడం మీద కూడా ఒక ముచ్చట ఉంది, పాత పుస్తకం గారు చెబుతారేమో అని ఎదురు చూస్తున్నాను.

పాత పుస్తకం:

మీరు అడిగారు గనుక చెబుతాను, మళ్ళీ మిల్‌గ్రామే వస్తారు, మన్నించాలి. 1970ల మొదట్లో ఆయన తన విద్యార్థులను న్యూయార్క్ భూగర్భ రైళ్ళలోకి పంపి, ఏ కారణమూ చెప్పకుండా కూర్చున్నవారిని "మీ సీటు నాకు ఇస్తారా?" అని అడగమన్నారు. అడిగినవారిలో నూటికి 68 మందికి లేచో, జరిగో చోటు ఇచ్చారు. చిక్కు అంతా అడిగేవారికే వచ్చింది. విద్యార్థులు అడగలేక గడగడలాడుతుంటే, ఇందులో ఏముందని ప్రొఫెసరుగారే స్వయంగా వెళ్ళారు. మాట గొంతులోనే ఆగిపోయింది. ఎలాగో అడిగి సీటు సంపాదించాక, కారణం లేకుండా ఒకరిని లేపినందుకు ఏదైనా సాకు కనబడాలి కదా అనిపించి, నిజంగానే జబ్బు మనిషిలాగా తల వంచుకుని కూర్చున్నారట, ముఖం కూడా పాలిపోయిందట. రాయని నియమాల బలం ఎంతటిదో ఆయనకు అక్కడ తెలిసింది.

పక్క గేటు:

నా అనుభవం చిన్నది. మా నివాస సముదాయానికి పార్సిలు తెచ్చిన కుర్రవాడు ఫోను చేశాడు. "గేటు దగ్గర ఉన్నానండీ" అన్నాడు. "నేనూ గేటు దగ్గరే ఉన్నాను" అన్నాను. "మీరు కనపడటం లేదు." "నువ్వూ కనపడటం లేదు." ఆనవాళ్ళు చెప్పుకున్నాము. అతనికి ఎడమ పక్క ట్రాన్స్‌ఫార్మరు ఉంది, నాకు కుడి పక్క ట్రాన్స్‌ఫార్మరు ఉంది. అతని దగ్గర ఒక కుక్క పడుకుని ఉంది, నా దగ్గర కుక్క తోక మాత్రం కనిపిస్తోంది. అప్పటికి గాని మేమిద్దరం మూసి ఉన్న ఒకే ఇనుప గేటుకు చెరో వైపు నిలబడి ఉన్నామని, ఇద్దరి మాటలూ ఫోనులో కంటె గేటు మీదుగానే బాగా వినిపిస్తున్నాయని తెలియలేదు. అయినా ఫోను పెట్టేయడానికి ఇద్దరికీ మనసు రాలేదు. అతను గేటు కింది నుంచి పార్సిలు తోస్తూ, "వచ్చిందాండీ?" అని ఫోనులోనే అడిగాడు.

రాత్రి షిఫ్టు:

మా కార్యాలయం గేటు దగ్గర రాత్రి పూట ఉండే కాపలాదారుకు నా గురించి తెలియనిది లేదు. నా బండి చప్పుడు వినగానే గేటు తీస్తారు, ముందు రోజు నేను దగ్గి ఉంటే తగ్గిందా అని అడుగుతారు. అయినా గుర్తింపు కార్డు చూడకుండా ఒక్క రోజు లోపలికి పంపలేదు. ఒక రాత్రి కార్డు తేలేదు. ఆయన ఎంతో బాధపడుతూ, రూలు రూలే అంటూ, సందర్శకుల రిజిస్టరు తెరిచారు. నన్ను ఒక్క ప్రశ్న అడగకుండా నా పేరు, బండి నంబరు, ఫోను నంబరు, విభాగం అన్నీ తనే గబగబా రాసేశారు. "ఎవరిని కలవాలి" అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆ వేళకు లోపల మా విభాగంలో ఇంకెవరూ ఉండరని ఆయనకూ తెలుసు. కాసేపు ఆలోచించి ఆ గడిలోనూ నా పేరే రాశారు. లోపలున్న మనిషి ఒప్పుకుంటేనే పంపాలన్నది ఇంకో రూలు గనుక, నా బల్ల మీది ఫోనుకు ఒకసారి చేసి, ఎవరూ ఎత్తకపోయేసరికి, "ఇంకా రాలేదనుకుంటానండీ, లోపల కూర్చోండి" అని పంపించారు. తెల్లవారి నేను బయటికి వస్తుంటే సంతకం పెట్టించుకుంటూ, "కలిశారా సార్?" అని అడిగారు.

ఒంటరి బాటసారి:

ఆ రిజిస్టరులో "వచ్చిన పని" అన్న గడి కూడా ఉంటుంది కదా. అందులో ఏమి రాశారు?

రాత్రి షిఫ్టు:

"సొంత పని" అని రాశారు.